వంటగది కొలత మోచేతి దగ్గర మొదలవుతుంది

కొత్త ఫ్లాటులోనో, పాత ఇంటి మరమ్మతులోనో వంటగది చేయించుకోవాలనుకున్నప్పుడు ముందుగా కొలతలు తీస్తారు. గోడ పొడవు, కిటికీ అంచు, నీటి గొట్టం ఉన్న చోటు, దూలం కింది ఎత్తు మిల్లీమీటర్ల లెక్కన కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ తర్వాత తలుపుల రంగు, పిడుల తీరు, గ్రానైట్ నమూనా చూపిస్తారు. ఇంత జరిగినా ఆ గదిలో రోజూ గంటల తరబడి నిలబడే మనిషిని ఎవరూ కొలవరు. చొక్కా కుట్టించుకుంటే భుజం కొలవని దర్జీ ఉండడు. లక్షలు పోసి ఇరవై ఏళ్లు వాడబోయే గట్టుకు మాత్రం వంట చేసే మనిషి ఎత్తు ఎంతని అడిగేవాళ్లు అరుదు. ఆర్డరిచ్చి చేయించిన వంటగది అంటే గోడకు సరిపోయిన వంటగది అని సరిపెట్టుకుంటున్నాం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది దీనికి తిరగేసిన వరస. ముందు మనిషి శరీరం, తర్వాత ఆ ఇంట్లో జరిగే పని, ఆ తర్వాత నీరూ గ్యాసూ, చివరికి గోడ, దాని మీది రంగు. ఈ వరసకు శరీరశాస్త్రంలో గట్టి ఆధారం ఉంది, చరిత్రలోనూ ఉంది.

గట్టు ఎత్తు తప్పితే శరీరానికి ఏమవుతుందో ముందు చూద్దాం. నడుముకు పైన ఉన్న తల, చేతులు, మొండెం కలిపి మన బరువులో దాదాపు సగం. నిటారుగా నిలబడితే ఆ బరువు వెన్నుపూసల మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. గట్టు పొట్టిదై ముందుకు వంగితే ఆ బరువు ముందుకు జరుగుతుంది, దాన్ని వెనక్కి లాగి పట్టే పని వెన్ను కండరాల మీద పడుతుంది. చిక్కేమిటంటే ఆ కండరాలు వెన్నుపూసకు చాలా దగ్గరగా, సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. తలుపును పిడి దగ్గర కాకుండా బందుల పక్కన చెయ్యి పెట్టి నెట్టి చూస్తే ఈ ఇబ్బంది తెలుస్తుంది; ఇరుసుకు దగ్గరైనకొద్దీ బలం ఎక్కువ పెట్టాలి. 55 కిలోల మనిషిలో నడుముకు పైన 28 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువు 10 సెంటీమీటర్లు ముందుకు జరిగితే వెన్ను కండరాలు సుమారు 56 కిలోల బలంతో లాగి పట్టుకోవాలి. ఆ లాగుడంతా మళ్లీ పూసల మధ్య ఉన్న డిస్కులనే నొక్కుతుంది. స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో మనుషుల డిస్కుల్లోకి సూది దింపి లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచాడు. నిటారుగా నిలబడ్డప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, ముందుకు వంగితే అది 150 దాకా పెరిగింది. 1999లో జర్మనీ పరిశోధకులు మెరుగైన పరికరంతో ఒక మనిషిలో కొలిచినప్పుడు బాగా వంగి నిలబడ్డ భంగిమలో అది రెట్టింపు దాటింది. కూర్చున్నప్పటి ఒత్తిడి గురించి ఈ రెండు కొలతలకూ పొంతన కుదరలేదు కానీ, వంగితే పెరుగుతుందన్న విషయంలో తేడా లేదు.

గట్టు మరీ ఎత్తైతే బాధ నడుమును వదిలి భుజాలకు ఎక్కుతుంది. మోచేతులు పక్కలకు లేస్తాయి, మెడనుంచి భుజానికి దిగే కండరాలు వదులు కాకుండా బిగిసే ఉంటాయి. కదిలే కండరం బిగుస్తూ సడలుతూ రక్తాన్ని తోడుకుంటుంది. బిగిసి నిలిచిపోయిన కండరం తన రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. అందుకే అరకిలో బెండకాయలు తరగడం బరువు పని కాకపోయినా, లేచిన భుజాలతో తరిగితే మెడ పట్టేస్తుంది. ఈ రెండు బాధలకూ మధ్య దారి ఎక్కడుందో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఎటియెన్ గ్రాంజాన్ తన ఎర్గోనమిక్స్ గ్రంథాల్లో చెప్పాడు. నిలబడి చేసే తేలికపాటి పనికి మోచేతికన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద పనితలం ఉండాలి. ఒత్తి చేసే పనికి ఇంకా కిందికి దిగాలి, ఎందుకంటే అప్పుడు చేతి కండరంతో పాటు ఒంటి బరువూ సాయపడుతుంది. తరగడం మొదటి రకం, చపాతీ పిండి మర్దించడం రెండోది. ఒకే ఆడమనిషి ఒకే పూట ఈ రెండూ చేస్తుంది.

ఇప్పుడు మన లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో భారతీయ వయోజన స్త్రీల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు. నిలబడ్డ మనిషి మోచెయ్యి నేలనుంచి ఎత్తులో 63 శాతం దగ్గర ఉంటుంది, అంటే 96 సెంటీమీటర్లు. అందులోంచి 10, 15 తీసేస్తే తరిగే గట్టు 81 నుంచి 86 మధ్య రావాలి, అంగుళాల్లో 32 నుంచి 34. మన తాపీమేస్త్రీలు ఏ పుస్తకమూ చూడకుండా అలవాటుగా కట్టే గట్టు ఇంచుమించు ఇంతే ఉంటుంది. తరతరాలుగా ఇంటివాళ్లు చెప్పగా, సరిదిద్దగా కుదిరిన కొలత అది కావచ్చు. క్యాటలాగు వంటగదులు వచ్చాక గట్టు 34 నుంచి 36 అంగుళాలకు పాకింది. 36 అంగుళాలంటే 91 సెంటీమీటర్లు. 152 సెంటీమీటర్ల మనిషికి మోచేతికి అయిదే సెంటీమీటర్ల కింద. ఆ 36 అంగుళాలు అమెరికానుంచి వచ్చిన ప్రమాణం. అక్కడి ఆడవాళ్ల సగటు ఎత్తు మనకన్నా దాదాపు 10 సెంటీమీటర్లు ఎక్కువ. అక్కడైనా అది శరీరాన్ని మాత్రమే చూసి పెట్టిన కొలత కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి పాదంలో అక్కడి వంటిళ్లలో బల్ల ఒక ఎత్తు, తొట్టి ఇంకో ఎత్తు, పొయ్యి మరో ఎత్తు. 1930లనుంచి ఒక గోడనుంచి ఇంకో గోడ దాకా గీత గీసినట్టు సాగే గట్టు అందమనిపించుకుంది. ఫ్యాక్టరీలో ఒకే ఎత్తు పెట్టెలు లక్షల్లో చేయడం కూడా సులువే. కంటికి, యంత్రానికి నచ్చిన ఆ సమతలానికి వంట చేసేవాళ్లే సర్దుకుపోవాల్సి వచ్చింది.

మన వంటకు ఈ సమతలం మరింత కష్టం. పడమటి వంటలో చాలా భాగం గట్టు కింది ఓవెన్లో అవుతుంది, లేదా పల్చటి పెనాల మీద. మన పప్పు, అన్నం, పులుసు లోతు గిన్నెల్లో, నిలువు కుక్కర్లలో ఉడుకుతాయి. 85 సెంటీమీటర్ల గట్టు మీద 12 సెంటీమీటర్ల స్టవ్ పెట్టి, దానిమీద 20 సెంటీమీటర్ల కుక్కర్ ఎక్కిస్తే దాని మూతి 117 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 152 సెంటీమీటర్ల మనిషి భుజమే 125 దగ్గర. అంటే పప్పు ఎనిపేటప్పుడు గుత్తి పట్టిన చెయ్యి దాదాపు భుజం ఎత్తులో తిరుగుతుంది, ముఖం ఆవిరికి ఎదురుగా ఉంటుంది. కాగే నూనె మూకుడు కంటికి ఎంత దగ్గరైతే అంత ప్రమాదం. సింకుది దీనికి సరిగ్గా తలకిందుల కథ. గట్టు అంచు 85 అయితే 20 సెంటీమీటర్ల లోతు సింకు అడుగు 65. గిన్నెలు తోమే చేతులు తిరిగేది ఆ అడుగున. కాబట్టి రోజులో ఎక్కువసేపు నడుము వంచేది సింకే, భుజం ఎత్తించేది పొయ్యే. మూడు పనులకు మూడు ఎత్తులు ఉండాలి: తరిగే చోటు మోచేతికి 10, 15 కింద, పొయ్యి గట్టు దానికన్నా మరో 10, 12 కింద, సింకు అంచు తరిగే చోటుకన్నా 5నుంచి 8 పైన. 152 సెంటీమీటర్ల మనిషికి అవి రమారమి 83, 72, 90 అవుతాయి. పొయ్యి గట్టు తగ్గించడం కుదరకపోతే రాతిలో కోసి దింపే హాబ్ పెట్టుకోవచ్చు, స్టవ్ ఎత్తులో సగానికి పైగా దానితోనే తగ్గుతుంది. పాదాలకు చోటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గట్టు కింద నేల దగ్గర నాలుగంగుళాల ఎత్తున, మూడు నాలుగంగుళాల లోతున ఖాళీ వదిలితే పాదాలు లోపలికి వెళ్తాయి, మనిషి గట్టును ఆనుకుని నిటారుగా నిలబడుతుంది. ఆ ఖాళీ లేని గట్టు మనిషిని అంతే దూరం వెనక్కి నెడుతుంది, ఆ దూరాన్ని నడుము వంచి పూడ్చుకోవాలి.

వంటగదిని పనిని బట్టి కట్టాలన్న ఆలోచనకు నూటయాభై ఏళ్లు దాటాయి. 1869లో కాథరిన్ బీచర్, ఆమె చెల్లెలు హారియెట్ బీచర్ స్టో కలిసి రాసిన గృహ నిర్వహణ గ్రంథంలో కిటికీ వెలుతురు, పిండి డబ్బా, తొట్టి ఒకదాని పక్కన ఒకటి అమర్చిన వంటగది నమూనా ఉంది. 1912లో క్రిస్టీన్ ఫ్రెడరిక్ రాసిన వ్యాసాలు ఫ్యాక్టరీల్లో కదలికలు లెక్కపెట్టే పద్ధతిని ఇంట్లోకి తెచ్చాయి. అన్నిటికన్నా పెద్ద ప్రయోగం ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జరిగింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ల కరువు తీర్చడానికి అక్కడ ఎర్న్‌స్ట్ మై ఆధ్వర్యంలో కార్మికుల కోసం వేల ఇళ్లు కట్టారు. వాటి వంటగదిని 1926లో రూపొందించింది వియెన్నా నుంచి వచ్చిన యువ వాస్తుశిల్పి మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ. గది 1.9 మీటర్ల వెడల్పు, దాదాపు 3.4 మీటర్ల పొడవు. రైలు భోజనశాలలోని ఇరుకు వంటగదిలో అంత మందికి భోజనం ఎలా తయారవుతుందో ఆమె గమనించింది, గడియారం పెట్టి అడుగులు లెక్కించింది. పప్పులూ పిండీ నేరుగా వంపుకొనేలా మూతి ఉన్న అల్యూమినియం సొరుగులు, కిటికీ ముందు పని బల్ల, దానికి తిరిగే స్టూలు, భోజనపు గదిలోకి జరిగే తలుపు, చుట్టూ నీలం రంగు. ఈగలు నీలం మీద వాలవని అప్పట్లో నమ్మకం. దాదాపు పది వేల ఇళ్లలో ఈ వంటగది పెట్టారు. ఆడవాళ్ల శ్రమను శ్రమగా గుర్తించి, కొలిచి, తగ్గించాలని పూనుకున్న ఆ పనిని నేను చాలా గొప్పదిగా భావిస్తాను.

అయినా ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది మీద అందులో కాపురమున్నవాళ్లే ఫిర్యాదు చేశారు. ఇద్దరు పట్టరు, పిల్లలు కంటికి కనబడరు, బల్ల వేసుకుందామంటే చోటు లేదు. షూట్టె-లిహోట్స్కీ ఒక సగటు గృహిణిని ఊహించి కొలిచింది. పది వేల ఇళ్లలో ఉన్నది పది వేల రకాల మనుషులు. సగటుకు కొలవడంలోని ఈ పరిమితి తర్వాత వచ్చిన సూత్రాల్లోనూ ఉంది. 1940లలో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న త్రికోణ సూత్రం ఇప్పటికీ ప్రతి మాడ్యులర్ దుకాణంలో వినిపిస్తుంది: ఫ్రిజ్, సింకు, పొయ్యి మూడు మూలలు, ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 26 అడుగులు మించకూడదు. అనవసరపు నడక తగ్గించడానికి అది మంచి సూత్రమే. అయితే అది ఫ్రిజ్ లోంచి మొదలయ్యే వంట, ఒక్కరే చేసే వంట. మన ఇంట్లో వంట బియ్యం డబ్బా దగ్గర మొదలై సింకుకు వెళ్తుంది, కూరగాయలు, ఆకుకూరలు, చింతపండు అన్నీ మళ్లీ సింకు మీదుగానే పోతాయి, ఆ తర్వాత మిక్సీ, తర్వాత పొయ్యి, పోపుల డబ్బా. ఫ్రిజ్ తలుపు తెరిచేది తక్కువ. అందుచేత మనకు బియ్యం, సింకు, మిక్సీ, పొయ్యి దారే ముఖ్యం. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ బరువైన వస్తువు; దాన్ని కింది అరలో పెట్టి వారానికి రెండుసార్లు గట్టెక్కించడం నడుముకు ద్రోహం. దానికి గట్టు మూలలో శాశ్వత చోటూ, పక్కనే ప్లగ్గూ ఉండాలి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి 16 ఆంపియర్ల సాకెట్టు వేరే తీగ మీద పెట్టించాలి. ఇవన్నీ గోడలు పగలగొట్టేటప్పుడే తేలాలి.

ఒకరి మోచేతికి కట్టిన గట్టు మరొకరికి పనికిరాదు కదా అన్నది దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, అది న్యాయమైనదే. అత్తగారు 148 సెంటీమీటర్లు, కోడలు 160, భర్త 173 ఉండే ఇల్లు సాధారణం, అందరూ వండాలని కోరుకోవడమే ధర్మం. ఇక్కడ ఒక అసమానత మనకు సాయపడుతుంది. పొట్టి గట్టును ఎత్తు చేయడం తేలిక, ఎత్తు గట్టును పొట్టి చేయడం అసాధ్యం. ఎత్తుగా ఉన్నవాళ్లు కింద మందపాటి చెక్కదిమ్మ వేసుకుని తరగవచ్చు. పొట్టిగా ఉన్నవాళ్లు పీట ఎక్కి మరిగే సాంబారు దగ్గర నిలబడటం ప్రమాదం. కాబట్టి పొయ్యిని అందరికన్నా పొట్టివాళ్లకు, తరిగే చోటును ఎక్కువసేపు పనిచేసేవాళ్లకు, సింకును గిన్నెలు తోమేవాళ్లకు కొలవడం మంచిది. గిన్నెలు తోమడానికి వచ్చే పనిమనిషిని, వంటమనిషిని ఈ కొలతలోంచి తప్పించడం మనకు అలవాటు. రోజుకు నాలుగిళ్లలో సింకు ముందు వంగే మనిషి నడుము కూడా నడుమే. ఆమెను పిలిచి కొలత అడగడం ఇంటివాళ్లు చేయాల్సిన పని.

ఖర్చు గురించిన అభ్యంతరం దీనికన్నా బలహీనం. ఫ్యాక్టరీ పెట్టెల కింద మరతిప్పే ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి, వాటిని కొన్ని సెంటీమీటర్లు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వడ్రంగి చేత చేయిస్తే చెక్క ఎక్కడ కోయాలన్నది ఎలాగూ మన మాటే. రేపు ఇల్లు అమ్మాల్సి వస్తే కొనేవాళ్లకు నచ్చదేమో అంటారు. కొనబోయే కుటుంబంలో వండేవాళ్ల ఎత్తు కూడా 152కు దగ్గరగా ఉండే అవకాశమే ఎక్కువ, 36 అంగుళాల గట్టుకన్నా మనది వాళ్లకూ నయం. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు ఆగ్నేయ మూల, తూర్పు ముఖం ముఖ్యం. ఎత్తుల విషయంలో దానితో గొడవ రాదు. ఆగ్నేయంలోనే పొయ్యి పెట్టి దాని గట్టును కిందికి దింపుకోవచ్చు.

ఆలోచింపజేసే అభ్యంతరం మరొకటి ఉంది. మన ముత్తవ్వలు నేలమీద పొయ్యి ముందు కూర్చుని, కత్తిపీట మీద కూరలు తరిగి, రోట్లో పచ్చళ్లు నూరారు, వాళ్లకు లేని నడుము నొప్పి మనకెందుకు అని. వాళ్లకు నొప్పులు లేవనడానికి ఎవరూ కొలిచి పెట్టిన ఆధారం లేదు, ఆ కట్టెపొయ్యి పొగ మాత్రం ఊపిరితిత్తులను తిన్నది. అయినా ఈ ప్రశ్నలో ఒక నిజం ఉంది. నేలమీది వంటలో మనిషి కూర్చునేది, లేచేది, గొంతుక్కూర్చునేది, నూరేటప్పుడు ఒంటినంతా కదిలించేది. నిలువు వంటగది ఒకే భంగిమలో గంటలు నిలబెడుతుంది, కాళ్లలో రక్తం కిందికి చేరుతుంది. ఎంత సరిగ్గా కొలిచిన గట్టయినా కదలకుండా నిలబడ్డ మనిషిని కాపాడలేదు. అందుకే కొత్త వంటగదిలో కూర్చుని పని చేసే చోటు తప్పనిసరి అంటాను. నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున బయటికి లాగే పలక ఒకటి, కింద మోకాళ్లకు ఖాళీ, ఒక స్టూలు ఉంటే చాలు. గోంగూర ఒలవడం, చిక్కుళ్లు తుంచడం, వెల్లుల్లి పొట్టు తీయడం అక్కడికి మారతాయి. షూట్టె-లిహోట్స్కీ కిటికీ ముందు స్టూలు పెట్టడంలోని వివేకం ఇదే, ఆమె వంటగదిని అనుకరించినవాళ్లు ఎక్కువగా వదిలేసిందీ ఇదే.

గ్యాసు బరువును కూడా గట్టు గీసేటప్పుడే లెక్కలోకి తీసుకోవాలి. సిలిండర్‌లోని ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైన గ్యాసు పైకి పోదు, నేలమీద నీళ్లలా పరుచుకుంటుంది. గాలిలో దాని పాళ్లు సుమారు 2 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. అందంగా కనిపించాలని సిలిండర్‌ను గట్టి తలుపుల అరలో మూసేస్తే ఆ పాళ్లు చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఆ అర అడుగున, నేలకు ఆనుకుని, బయటి గాలికి తెరిచిన రంధ్రాలు ఉండాలి. చిమ్నీ పనితీరు కూడా దాని వాటేజీకన్నా అమరికను బట్టి ఉంటుంది. వెనక బర్నర్ పొగను అది ఎక్కువగా, ముందు బర్నర్ పొగను తక్కువగా పట్టుకుంటుందని కొలతల్లో తేలింది. ఎండుమిర్చి తాలింపు, వేపుళ్లు వెనక బర్నర్ మీదకు మార్చడం ఖర్చులేని మెరుగుదల. గొట్టం లేకుండా గాలిని వడగట్టి గదిలోకే వదిలే చిమ్నీ నూనె జిడ్డును ఆపుతుంది కానీ ఆవిరిని, మంటనుంచి పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్‌ను బయటికి పంపలేదు.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నదీ ఇదే దృష్టితో తేల్చుకోవచ్చు. తలుపు మెరుపుకన్నా సింకు కింది పెట్టె ముఖ్యం. మామూలు పార్టికల్ బోర్డులో జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. తేమ తగిలితే అది నెమ్మదిగా విడిపోతుంది, బోర్డు ఉబ్బుతుంది. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసి ఐ.ఎస్. 710 ముద్ర వేసే ప్లైవుడ్ 72 గంటల ఉడికింపు పరీక్షకు నిలవాలి. అందుకే సింకు కిందకైనా అదే వాడాలి, మిగతా చోట్ల తక్కువ రకంతో సరిపెట్టుకోవచ్చు. గట్టు రాయి విషయంలో చింతపండు, నిమ్మకాయ గుర్తుంచుకోవాలి. పాలరాయి, కడప రాయి, తాండూరు రాయి కాల్షియం కార్బనేట్ జాతివి, పులుపు వాటిని కొరుకుతుంది, మెరుపు పోయి మరకలు పడతాయి. చీమకుర్తి గ్రానైట్ లాంటి గట్టి రాయి పులుపుకు లొంగదు.

కొలత తీయడం కష్టమేమీ కాదు. వంట చేసే మనిషి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే నిలబడి, పై చేతిని వేలాడనిచ్చి, మోచేతిని లంబకోణంలో వంచితే, నేలనుంచి మోచేతి అడుగు దాకా టేపుతో కొలవాలి. ఆ లెక్కన వచ్చిన ఎత్తుకు ఒక బల్ల మీద పలకలు, పుస్తకాలు పేర్చి, దానిమీద రెండు మూడు రోజులు నిజంగా కూరగాయలు తరిగి చూడాలి. భుజం లేస్తే ఒక పలక తీసేయాలి, నడుము వంగితే ఒకటి చేర్చాలి. పొయ్యికీ సింకుకూ ఇలాగే. కుదిరిన మూడు అంకెలనూ నమూనా గీసిన కాగితం మీద రాయించి, అవి టైల్స్ వేసిన తర్వాతి నేలనుంచి, గ్రానైట్ పై అంచు దాకా తీసుకున్న కొలతలని పక్కనే స్పష్టంగా రాయించాలి. పాత నేలమీద కొత్త టైల్స్ వేస్తే రెండు మూడు సెంటీమీటర్లు లేస్తుంది, రాతి పలక మందం మరో రెండు సెంటీమీటర్లు. ఈ రెండూ మరిచిపోతే పేర్చి చూసిన కష్టమంతా అక్కడే పోతుంది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే టైల్స్ మేస్త్రీని, వడ్రంగిని ఒకే రోజు పిలిపించి, పూర్తయిన నేల ఎక్కడికి వస్తుందో గోడమీద ఇద్దరి ఎదుటా గీత గీయించాలి.